నాకుంది, నా దగ్గరుంది, నాది



ముప్పైయేళ్ళకు పైగా బడిపిల్లల చేత విభక్తి ప్రత్యయాలు వల్లె వేయించినవాణ్ణి నేను. డు-ము-వు-లు మొదలుకొని అందున్-నన్ వరకు ఒక్క గుక్కలో చెప్పగలిగిన పిల్లవాడికి తరగతిలో గొప్ప గౌరవం. ఆ వరుసలో షష్ఠి దగ్గరకు వచ్చేసరికి పిల్లలకు కొంచెం ఊపిరి ఆడదు. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్. ఇన్ని ప్రత్యయాలను ఒకే విభక్తిలో ఎందుకు కూర్చారండీ అని అడిగిన విద్యార్థి ఒక్కడే ఒక్కడు నాకు తగిలాడు. కొల్లేటి లంకలలో పనిచేసిన రోజులలో. ఆ పిల్లవాడి సంగతి తరువాత చెబుతాను.

ప్రశ్న మాత్రం చాలా మంచిది. సంస్కృత వ్యాకరణం చదువుకొన్నవాడికి కి, కు అనగానే చతుర్థి గుర్తుకు వస్తుంది. ఇచ్చేది ఎవరికో వారికి చతుర్థి. మన సంప్రదాయం చతుర్థికి కొఱకున్, కై అన్న రెండింటినే కేటాయించి, కి-కు లను తీసికొనిపోయి 'యొక్క' పక్కన కూర్చోబెట్టింది. పొరపాటున కూర్చోబెట్టలేదని నా నమ్మకం. 'నాకు ఇల్లు ఉంది' అన్నప్పుడు ఆ 'కు' చేస్తున్న పని దానం కాదు, సంబంధం. సంస్కృతంలో ఇదే మాట 'మమ గృహమస్తి' అని షష్ఠిలోనే వస్తుంది. అక్కడ 'మమ', ఇక్కడ 'నాకు'. ఇంటికీ నాకూ ముడివేసే పని రెండింటిదీ.

ఇక్కడొక విచిత్రం గమనించండి. ఇల్లు నాకు ఉంది అంటున్నాము కాని, నేను ఇంటిని ఏమీ చేయడం లేదు. వాక్యంలో కర్త ఇల్లు. ఉండడం దాని పని. నేను పక్కన 'కు' తగిలించుకొని నిలబడిన వాణ్ణి. ఆంగ్లంలో అలా కాదు. అక్కడ 'ఐ' కర్త, 'హౌస్' కర్మ, మధ్యలో 'హావ్' అనే సకర్మక క్రియ. ఆ 'హావ్' పూర్వరూపానికి పట్టుకొనడం, చేజిక్కించుకొనడం అని అర్థం చెబుతారు భాషావేత్తలు. చూడడానికి లాటిను 'హబేరె'కు అక్కగారిలా కనిపిస్తుంది కాని, వంశం వేరట. 'పట్టుకొను' అనే అర్థమున్న 'కాపెరె' అన్న లాటిను ధాతువు దాని అసలు జ్ఞాతి. అంటే ఆంగ్లేయుడు తనకు ఇల్లుందని చెప్పినప్పుడల్లా, వ్యుత్పత్తి ప్రకారం, దానిని పిడికిట బిగించి చూపిస్తున్నాడన్నమాట.

తెలుగులో అలాంటి క్రియ లేదు. తమిళంలో లేదు, కన్నడంలో లేదు, మలయాళంలో లేదు. ఇది ద్రావిడ భాషల లోటేమో అని కొందరు చిన్నబుచ్చుకొంటారు గాని, ప్రపంచ భాషలలో ఎక్కువవాటికి 'హావ్' వంటి క్రియ లేదు. ఎమీల్ బెన్వెనిస్తు అనే ఫ్రెంచి భాషావేత్త 1960లో ఒక వ్యాసంలో ఈ మాటే చెప్పాడు. లాటిను కూడా మొదట 'మిహి ఎస్త్' అనేది. మాటకు మాట 'నాకు ఉంది'! తరువాతనే 'హబేరె' బలపడింది. రష్యనులు 'ఉ మెన్యా యెస్త్' అంటారు, నా దగ్గర ఉంది అని. ఐర్లండు వారి భాషలోనూ పుస్తకం నా దగ్గరే ఉంటుంది. ఫిన్లండు వారికి నా మీద ఉంటుంది. తురుష్కులు ఇంకా పొదుపరులు. 'నా పుస్తకం ఉంది' అని ఊరుకొంటారు.

అరబ్బీ మాట వేరుగా చెప్పాలి. వారికి 'లీ' అంటే నాకు, 'ఇందీ' అంటే నా దగ్గర. అన్నదమ్ములుంటే 'లీ', పుస్తకమో డబ్బో ఉంటే 'ఇందీ' వాడడం వారి మర్యాద. సరిగా మన వరసే. మనం కూడా 'నాకు ఇద్దరు అన్నలు' అంటాము, 'నా దగ్గర పదిరూపాయలున్నాయి' అంటాము. వీటిని తారుమారు చేస్తే అర్థం ఎటు పోతుందో చూడండి. 'ఆయనకు డబ్బుంది' అంటే ఆస్తిపరుడు. 'ఆయన దగ్గర డబ్బుంది' అంటే ఈ పూటకు జేబులో ఉంది, రేపటి మాట తెలియదు. మా ఏలూరు పెద్దబజారులో అప్పు ఇచ్చేవాడికి ఈ తేడా ఏ వ్యాకరణ పండితుడి కంటెనూ బాగా తెలుసు.

మనుషుల విషయంలో ఈ తేడా మరికొంత పదును దేలుతుంది. 'నాకు ఇద్దరు కొడుకులు' అంటాను నేను. క్రియ కూడా అక్కరలేదు. సంబంధం ఉంది, అంతే. ఏ ఊళ్ళో ఉన్నారన్న ప్రశ్న దానిలో లేదు. 'నా దగ్గర ఇద్దరు కొడుకులున్నారు' అంటే మాత్రం వాళ్ళు నాతో కలిసి ఒక ఇంట్లో భోజనం చేస్తున్నారని అర్థం. మా పేటలో సాయంత్రం అరుగుల మీద కూర్చొనే నా ఈడువాళ్ళలో మొదటి వాక్యం చెప్పలేనివాడు లేడు. రెండవ వాక్యం చెప్పగలిగినవారు ఇద్దరో ముగ్గురో. అమెరికా, ఆస్ట్రేలియా, హైదరాబాదు. వ్యాకరణం దృష్టిలో మూడూ ఒకటే.

సంస్కృతం మాట మళ్ళీ ఎత్తాలి, మన్నించండి. పాణిని ఆరు కారకాలు చెప్పాడు. షష్ఠిని వాటిలో చేర్చలేదు. క్రియతో నేరుగా అన్వయించేవే కారకాలు. స్వామికీ సొత్తుకూ ఉండే సంబంధం క్రియతో నిమిత్తం లేనిది కనుక, మిగిలిన అర్థాలకు షష్ఠి అని పక్కన పెట్టాడు. ఇందులో లోతు ఉంది. ఒకటి నాది కావడానికి నేను ఏ పనీ చేయనక్కరలేదు. పని మానినంత మాత్రాన నాది కాకుండానూ పోదు. మతుప్ ప్రత్యయం విషయంలో ఇంకా చిత్రం. ధనవాన్, గోమాన్, శ్రీమాన్ వంటి మాటలు దానివల్లనే ఏర్పడతాయి. 'ఇతనికి అది ఉంది' అన్న అర్థంలోనూ, 'ఇందులో అది ఉంది' అన్న అర్థంలోనూ ఒకే ప్రత్యయాన్ని విధించాడు మహర్షి. మనిషికి డబ్బు ఉండడమూ, కొండ మీద చెట్లు ఉండడమూ వ్యాకరణానికి ఒకటే. కొండ చెట్లకు యజమాని అని ఎవరూ అనరు గదా!

మన తెలుగులో దీనికి దీటైన మాట 'కల'. బుద్ధిగల పిల్లవాడు, నీరుగల చెరువు. ఈ 'కల' నుంచే కలవాడు, కలిమి. వాడుకలో 'ఉన్నవాడు'. ధనవంతుడిని మనం 'ఉన్నవాడు' అంటాము, బీదవాడిని 'లేనివాడు' అంటాము. ఏమి ఉన్నవాడు, ఏమి లేనివాడు అన్నది చెప్పం. లేనివాడు అంటే మాట వరసకు అసలు లేనేలేడని. తాడేపల్లిగూడెంలో పనిచేసేటప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ కౌలురైతుల పిల్లలు మా బడికి వచ్చేవారు. చేను దున్నేది తండ్రి, విత్తు చల్లేది తండ్రి, కోత కోసేది తండ్రి. కాగితంలో ఆయన లేడు. కాగితంలో లేడు కాబట్టి బ్యాంకులో లేడు, పంట మునిగితే వచ్చే పరిహారంలో లేడు. ఇలాంటివారి కోసం 2011లో ఒకటి, 2019లో ఒకటి చట్టాలు వచ్చాయి. కాగితంలోకి వచ్చినవారూ ఉన్నారు, ఇంకా రానివారూ ఉన్నారు.

కాగితం మాట వచ్చింది కాబట్టి అడంగల్‌ను తలచుకోకుండా పోలేను. మన రెవెన్యూ వారి పుస్తకాలలో నాకు మిక్కిలి ఇష్టమైనది అది. అందులో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు ఒక గడి. షష్ఠికి ఒకటి, 'దగ్గర'కు ఒకటి! పాత దస్తావేజులు వ్రాసేవారు కూడా హక్కు వేరు, స్వాధీనం వేరు, అనుభవం వేరు అని మూడు మాటలనూ విడివిడిగా పేర్కొని గాని ఊరుకొనేవారు కాదు. ఎవరు నేర్పారో గాని, గట్టి వైయాకరణులు.

ఇక 'యొక్క' గురించి రెండు మాటలు. ఇది పుస్తకాలలోనే గాని నోటిమీద ఉండదు. 'రాముని యొక్క బాణము' అని పరీక్షలో విగ్రహవాక్యం వ్రాయించాము కాని, ఇంటికి వెళ్ళి 'నా యొక్క చొక్కా ఏది' అని అడిగిన పిల్లవాడు లేడు. ఈ మధ్య ప్రకటనలలోను, అనువాదాలలోను 'పథకం యొక్క లబ్ధిదారుల యొక్క వివరాలు' అని చదువుతుంటే పంటికింద రాయి తగిలినట్టుంటుంది. తెలుగుకు ప్రత్యయమే అక్కరలేదు. మాట కొంచెం ఒంగితే చాలు. ఇల్లు – ఇంటి, ఊరు – ఊరి, ఏరు – ఏటి, చేయి – చేతి. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) ఔపవిభక్తికాలని చెప్పిన ఇ-టి-తి వర్ణకాల పని ఇది. ఇంటి పెరడు, ఏటి గట్టు, చేతి కర్ర. సొంతం చేసికొనడానికి మనం ఒక అక్షరం మార్చుకొంటాము, అంతే.

మా ప్రాంతంలో ఈ టి-వర్ణకానికి కొదవ లేదు. కొల్లేరు – కొల్లేటి, బుడమేరు – బుడమేటి, తమ్మిలేరు – తమ్మిలేటి. (ఉప్పుటేరులోని టకారం వేరు, అది టుగాగమం. పరీక్షలో చాలామందిని ముంచిన ఏరు అది.) అంతూ దరీ లేని వ్యవహారాన్ని 'కొల్లేటి చాంతాడు' అంటారు గదా. ఎన్ని ఏళ్ళు ఆ సరస్సులో కలుస్తాయో చూస్తే ఆ మాట ఊరికే పుట్టలేదనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీరు కూడా చివరకు కొల్లేటికే రావలసి వచ్చింది. అక్కడినుంచి ఉప్పుటేటి దారిన సముద్రానికి.

మన ఇంటిపేర్లను చూడండి. కందుకూరి వీరేశలింగం, వేటూరి ప్రభాకరశాస్త్రి, దువ్వూరి రామిరెడ్డి. కందుకూరు, వేటూరు, దువ్వూరు అన్న ఊళ్ళ పేర్లు ఒంగి 'రి' అయినాయి. ఊరు మనిషిది కాదు, మనిషి ఊరివాడు. తిరగేసి 'మీదే ఊరండీ?' అని అడిగితే 'మాది ఏలూరండి' అంటాము. జానెడు జాగా లేనివాడు కూడా 'మాది ఏలూరు' అనవచ్చు, ఎవరూ దస్తావేజు అడగరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఏలూరు ఒక జిల్లా అయింది, తాడేపల్లిగూడెం భీమవరం ముఖ్యపట్టణంగా ఉన్న పశ్చిమ గోదావరిలో మిగిలింది. కైకలూరు వైపు కొల్లేరు కృష్ణాజిల్లా నుంచి మా వైపు వచ్చింది. అంతవరకు 'మా జిల్లా' అన్న మాటలో గూడెం ఉండేది, కైకలూరు ఉండేది కాదు. రాత్రికి రాత్రి మాట అదే ఉండి సరుకు మారింది.

'మా' అన్నాను. తెలుగుకు దీని తరువాతే ఏ అలంకారమైనా. మనం 'నా', 'మా', 'మన' అని మూడు గీతలు గీస్తాము. వినేవాడు కలిస్తే మన, కలవకపోతే మా. ఈ తేడా సంస్కృతానికి లేదు, ఆంగ్లానికి లేదు. ఒక్కగానొక్క కొడుకు కూడా 'మా అమ్మ' అంటాడు. 'నా అమ్మ' అంటే కవిత్వం అవుతుంది, లేకపోతే తగాదా అవుతుంది. 'మా ఆవిడ' అని మగవాడు, 'మా ఆయన' అని ఆడది అంటుంటే, ఇందులో బహువచనం ఏమిటని ఉత్తరాదివారు నవ్వుతారు. ఇల్లు మొత్తం కలిపి మాట్లాడడం మనకు అలవాటు. ఆలుమగల మధ్య సంబంధం కూడా ఇంటి ఉమ్మడి ఖాతాలోనిదే.

మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. 'నాకు భార్య ఉంది' అన్న వాక్యం ఆ రోజుతో 'ఉండేది' అయింది. క్రియకు కాలం ఉంది మరి. కాని 'మా ఆవిడ'లో క్రియ లేదు, దానికి కాలం అంటదు. ఇప్పటికీ 'మా ఆవిడ పెట్టిన ఆవకాయలా లేదు' అని అలవోకగా అనేస్తాను. విన్నవారికి తప్పు తోచదు, నాకూ తోచదు. నన్ను తికమక పెట్టేది మరొకటి. ఇంట్లో ఇప్పుడు నేను ఒక్కణ్ణే. కరెంటు బిల్లు ఇచ్చే కుర్రవాడు వీధి చివర ఎదురై 'మీ ఇల్లు ఏదండీ' అంటే 'అదిగో, మా ఇల్లు' అంటాను. 'నా ఇల్లు' అనడానికి ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను. రిజిస్ట్రారు ఎదుట నిలబడ్డట్టుంది. ఆ 'మా'లోని తక్కినవారు ఎవరని ఎవరూ అడగరు. భాష వారిని లెక్కలో ఉంచింది.

ప్రపంచంలో మనకంటె నిశితంగా లెక్క చూసేవారూ ఉన్నారు. మద్రాసు రేవు నుంచి 1903 – 1916 మధ్య చెరకుతోటల ఒప్పందపు కూలీలుగా ఫిజీ దీవులకు వెళ్ళినవారిలో తెలుగువారు ఉన్నారు. ఆ దీవుల సొంత భాషలో 'నా' అనడానికి ఒక్క మాట చాలదు. కొబ్బరికాయనే తీసికోండి. నీళ్ళు తాగడానికైతే 'మెంగు', కొబ్బరి తినడానికైతే 'కెంగు', అమ్ముకొనడానికో మరొకందుకో అయితే 'నొంగు'. తండ్రి, తల, చేయి వంటివాటికి ఈ మూడూ పనికిరావు. ఆ మాటకే చివర 'ంగు' అతుక్కుపోతుంది. 'తమంగు' అంటే నా తండ్రి. విడదీయరానిదాన్ని విడిగా చెప్పకూడదని వారి నియమం. ఏమి ఉందన్నదాని కంటె, ఉన్నదానితో ఏమి చేస్తావన్నది ఆ భాష ముందుగా అడుగుతుంది. మన గోదావరివారు అక్కడ కొబ్బరికాయ చేతపట్టుకొని ఎన్నిసార్లు తడబడి ఉంటారో అనుకొంటే నాకు నవ్వూ జాలీ రెండూ వస్తాయి.

కొల్లేటికి అలాంటి వ్యాకరణం ఉంటే బాగుండేదేమో. వెనుకటికి వానాకాలంలో నీరు, నీరు తీసిన వేసవిలో దాళ్వా వరి. ఒకే చోటు కొన్ని నెలలు వలది, కొన్ని నెలలు నాగలిది. 1970లలో మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువుల కోసం ప్రభుత్వ భూములిచ్చారు. తరువాత ఆ చెరువులలో చాలావాటి అనుభవం కౌలు రూపంలో డబ్బున్నవారి చేతికి పోయింది. జిరాయితీ భూములలోనూ గట్లు లేచాయి. 1999లో ఐదవ కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమని ప్రకటించారు. 2002లో రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేల అయింది. అభయారణ్యంలోని చెరువుల గట్లను 2006లో యంత్రాలతో తెంచివేశారు. పక్షులకు మంచిదే జరిగిందని నేనూ అనుకొంటాను. అయితే గట్టు తెగినప్పుడు పెట్టుబడిదారుడి 'నాకు ఉంది'లో ఒక భాగం పోయింది. లంకలోని వాటాదారుడికి ఉన్నది ఆ ఒక్క వాటాయే.

మొదట్లో చెప్పిన నా పూర్వవిద్యార్థి ఆ వాటాదారులలో ఒకడు. ఆ సంవత్సరమే దరఖాస్తు వ్రాయించుకొందామని గూడెం వచ్చాడు. ఫారంలో 'యజమాని పేరు' అని ఒకే గడి ఉంది. చెరువు సంఘానిది, సంఘంలో ఇతనికి ఒక వాటా. కాగితం వెనుక వివరం వ్రాద్దామని కలం తీసి, "ఏమని వ్రాయమంటావురా?" అన్నాను.

"నాది అని రాయకండి మాష్టారూ. అబద్ధం అయిపోద్ది."

"పోనీ, మన చెరువు అని వ్రాయనా? ఊరందరిదీ గదా."

"మన అంటే ఈ కాగితం చదివేవోళ్ళు కూడా వచ్చేస్తారు కదండీ అందులోకి! మా చెరువు అని రాయండి."

షష్ఠిలో అన్ని ప్రత్యయాలెందుకని అడిగినవాడు ఇతడే. 'మా చెరువు' అనే వ్రాశాను. ఆ కాగితం ఏ కార్యాలయంలో ఏ బల్ల మీద ఆగిందో గాని, జవాబు రాలేదు. తరువాత అతడు కైకలూరులో చేపల లారీలకు ఐసు కొట్టే పనిలో కుదిరాడు. ఇప్పటికీ అదే పని. 'నా దగ్గర ఉంటే తినేస్తానండీ' అని జీతం డబ్బు పెళ్ళాం చేతికి ఇచ్చేస్తాడట. ఫిజీవారి 'కెంగు' గురించి చెబితే సంతోషిస్తాడు, చెప్పాలి.

పోయిన ఫాల్గుణంలో మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "కొల్లేటికోటలో మన పెద్దింట్లమ్మ తిరునాళ్ళండి. మీరు రావాల," అన్నాడు.

'మన' అన్నాడు. కండువా మార్చుకొని, తలుపు తాళం వేసి బయలుదేరాను.